అడయారు తోటలో, ఎగ్మోరు రాళ్ళ మధ్య

చెన్నైలో కాపురముంటున్న తెలుగువాళ్ళ ఇంటికి ఊరి నుంచి చుట్టాలొస్తే తిప్పే చోట్లు దాదాపు ఖరారైపోయి ఉంటాయి. మెరీనా, కపాలీశ్వరుడి గుడి, టీనగర్‌లో పట్టుచీరలు, ఓపికుంటే మహాబలిపురం. ఈసారి బాబాయి అవేవీ వద్దని ఫోన్‌లోనే చెప్పేశాడు.

"ఎగ్మోరు మ్యూజియంలో మన అమరావతి స్తూపం రాళ్ళున్నాయి కదమ్మా, అవి చూడాలి నాకు. మీ పిన్నికేమో అడయారు తోటలో బుద్ధుడి గుడి దగ్గర కూర్చోవాలని ఉంది. ఈ రెండే. మిగతాదంతా నీ ఇష్టం."

బాబాయి కోరిక నాకు ఆశ్చర్యమనిపించలేదు. అమరావతి పక్క పల్లెలో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పిల్లల్ని వెంటేసుకుని స్తూపం దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళుంటాడో. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర బౌద్ధ దీక్షలు జరిపినప్పుడు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన టిబెటన్లకు మజ్జిగ పోసిన సంగతి ఇప్పటికీ చెబుతాడు. పిన్ని కోరిక వెనక మాత్రం వేరే కథ ఉంది. వాళ్ళబ్బాయి, అంటే మా తమ్ముడు, జపాన్‌లో క్యోటోలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు దొరికితే ఏదో ఒక గుడి తోటకు వెళ్ళి గంటలు గంటలు కూర్చుంటాడట. ఫోటోలు పంపుతాడు. నాచు, రాళ్ళు, దువ్వినట్టున్న ఇసుక. వాటిలో ఎక్కడా మనిషి కనపడడు. "పరాయి దేశంలో ఒక్కడూ అలా కూర్చుని ఏం చేస్తాడే? వాడికేమైనా దిగులా?" అని పిన్ని నన్ను చాలాసార్లు అడిగింది. దిగులు కాదు పిన్నీ అంటే నమ్మేది కాదు. అలాంటి చోట తనూ కూర్చుని చూస్తే గానీ తేలదని చివరికి తనే నిర్ణయించుకుంది.

గురువారం

రైలు సాయంత్రానికి చేరింది. నవంబరు వాన అప్పుడే వెలిసింది, రోడ్లన్నీ తడిగా ఉన్నాయి. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, టిఫిన్ తిన్నాక, బాబాయి ఊరికే కూర్చోలేక "సముద్రం ఎంత దూరం?" అన్నాడు. మా ఇంటికి దగ్గర్లోదే బెసంట్ నగర్ బీచ్. దాన్ని ఇలియట్స్ బీచ్ అని కూడా అంటారని చెప్పగానే బాబాయి ఆగిపోయాడు.

"ఏ ఇలియట్? మన రాళ్ళు పట్టుకొచ్చిన వాల్టర్ ఇలియటా?"

ఆ ఇలియట్ వేరు, ఈ ఇలియట్ వేరు అని చెప్పాను. అయినా ఆ పూట మాటలన్నీ వాల్టర్ ఇలియట్ చుట్టూనే తిరిగాయి. పిన్ని మొక్కజొన్న కండె తింటూ అలలు చూసింది. తొందరగా వచ్చి పడుకున్నాం.

శుక్రవారం

ఎగ్మోరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. అందుకని ముందు తోట పెట్టుకున్నాం.

అడయారు వంతెన వైపు వెళ్ళే రోడ్డు పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు. రాజమండ్రిలో పుట్టి, ఈ ఊళ్ళో ఆంధ్ర మహిళా సభ పెట్టి, ఎంతమంది ఆడవాళ్ళకు చదువూ బతుకుతెరువూ చూపించిందో ఆమె. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. వంతెన దాటితే దివ్యజ్ఞాన సమాజం, అంటే థియోసాఫికల్ సొసైటీ గేటు. సెక్యూరిటీ దగ్గర పేర్లు రాసి లోపలికి అడుగుపెట్టాక, ఓ వంద గజాలు నడిచేసరికి బస్సుల హారన్లు సగం తగ్గిపోయాయి. ఇంకొంచెం నడిస్తే పూర్తిగా పోయాయి. చెన్నైలో ఉండే నాకు కూడా అది ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.

ఈ సమాజం 1875లో న్యూయార్క్‌లో మొదలైంది. స్థాపించిన వాళ్ళలో ముఖ్యులు అప్పటి రష్యా సామ్రాజ్యంలో పుట్టిన బ్లావట్‌స్కీ, అమెరికన్ కర్నల్ ఆల్కాట్. 1882లో అడయారు నది ఒడ్డున హడిల్‌స్టన్ గార్డెన్స్ అనే 27 ఎకరాల తోటా బంగళా కొన్నారు. ఆ తర్వాత చుట్టుపక్కల కొంటూ పోయి ఇప్పుడు 260 ఎకరాల దాకా అయింది. ఒక పక్క నది, ఇంకో పక్క సముద్రం. నగరం ఇంత పెరిగినా ఈ ముక్క మాత్రం అపార్టుమెంట్ల పాలు కాకుండా మిగిలింది. దాని విలువ ఏమిటో ఈ ఊళ్ళో మేలో ఎండలు భరించినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

దారికి రెండు పక్కలా మహాగని చెట్లు. 2016 డిసెంబరులో వర్దా తుపాను వచ్చినప్పుడు ఊరంతా చెట్లు కూలాయి, ఈ తోట కూడా చాలా పోగొట్టుకుంది. ఆ ఖాళీల్లో కొత్త మొక్కలు మనిషెత్తు దాటి లేచాయి. వాన నీళ్ళు ఆకుల మీంచి ఇంకా కారుతూనే ఉన్నాయి. పిన్ని మోకాళ్ళ నొప్పి వల్ల మేం మెల్లగా నడిచాం. ఈ తోటలో అలా నడవడమే మంచిది. గబగబా నడిచేవాళ్ళకు ముంగిస కనపడదు. మాకు కనపడింది. దారి మధ్యలో ఆగి, మమ్మల్ని ఎగాదిగా చూసి, పొదలోకి దూరింది.

మర్రిచెట్టు దగ్గరికి వెళ్ళేసరికి బాబాయి "ఇందులో అసలు చెట్టేది?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే. ఈ మర్రికి 450 ఏళ్ళుంటాయంటారు. తల్లి మాను 1989లో గాలివానకు పడిపోయింది. ఇప్పుడు నిలబడి ఉన్నవన్నీ ఊడలే. నేలలో దిగి, లావెక్కి, తామే మానులైపోయాయి. మధ్యలో తల్లి ఉండే చోటు ఖాళీ. ఒక ఊడ దగ్గర ఆగి చూశాను. చివర ఇంకా నేలకు అందలేదు, మోకాలెత్తులో వేలాడుతోంది. కొస మాత్రం లేత పసుపు రంగులో, తడిగా, పసిబిడ్డ వేలిలా ఉంది. పక్కనే అదే కొమ్మ నుంచి దిగిన ఇంకో ఊడను ఇద్దరు మనుషులు చేతులు చాపినా చుట్టలేరు.

ఒకప్పుడు దీని కింద పెద్ద పెద్ద సభలు జరిగేవి. అనీబిసెంట్ మాట్లాడింది, మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మాట్లాడాడు. కృష్ణమూర్తి తండ్రి నారాయణయ్య ఇక్కడే పనిచేసేవాడు. 1909లో ఈ తోట చివర సముద్రం ఒడ్డున ఆడుకుంటున్న ఆ పిల్లవాణ్ణి సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ చూసి, లోకానికి గురువయ్యేది ఇతనే అన్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1929లో, తన కోసం పెట్టిన సంస్థను కృష్ణమూర్తే రద్దు చేసేశాడు. బాబాయికి ఆ సంగతి చాలా ఇష్టం. "కిరీటం తెచ్చి నెత్తిన పెడితే తీసి కింద పెట్టినవాడు, మన చిత్తూరు జిల్లా వాడు" అన్నాడు. ఇప్పుడు మదనపల్లె వేరే జిల్లా అయింది బాబాయీ అన్నాను. "నా లెక్కలో చిత్తూరే" అన్నాడు.

ఉదయం సందర్శకులకిచ్చే సమయం తక్కువ. బయటికొచ్చి అడయారులో భోంచేసి, మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాం. ఈసారి నేరుగా బుద్ధుడి గుడికి.

ఈ తోటలో అన్ని మతాలకూ చోటుంది. హిందూ గుడి, చర్చి, మసీదు అన్నీ చెట్ల మధ్య దూరదూరంగా ఉంటాయి. బుద్ధుడి గుడి వాటిలో చిన్నది. పెద్ద గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ముందు ఒక కొలను, కొలను నిండా కలువాకులు, వెనక గుడి. మేం వెళ్ళినప్పుడు మా ముగ్గురం తప్ప ఎవరూ లేరు. పిన్ని చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, అలవాటు కొద్దీ ప్రదక్షిణకు బయల్దేరబోయి మోకాలు నొప్పికి ఆగి, గట్టు మీద కూర్చుండిపోయింది.

"పువ్వులేమైనా తేవాల్సిందే" అంది.

"అక్కడున్నాయిగా" అని కొలను వైపు చూపించాడు బాబాయి.

ఆ తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. నాకు దగ్గరగా ఉన్న ఒక కలువాకు మీద వాన బొట్టొకటి నిలిచి ఉంది. గాలి తగిలినప్పుడల్లా ఆకు అంచు దాకా దొర్లేది, పడిపోతుందేమో అనుకునేలోపు మళ్ళీ మధ్యకు వచ్చేసేది. ఎర్ర తూనీగ ఒకటి వచ్చి వాడిన మొగ్గ మీద వాలింది, లేచింది, మళ్ళీ అదే మొగ్గ మీద వాలింది. గోరంత కప్ప నీళ్ళలో ముక్కు మాత్రం బయటపెట్టి కదలకుండా ఉంది. అవన్నీ చూస్తున్నానని నాకు తెలియడానికే కొంత సమయం పట్టింది. అప్పటిదాకా నా బుర్రలో ఆఫీసులో సోమవారం ఇవ్వాల్సిన రిపోర్టు తిరుగుతోంది. దాని టెన్షన్ ఎప్పుడు తగ్గిందో గుర్తు లేదు.

పిన్నినే చూస్తున్నాను మధ్య మధ్యలో. మొదట్లో చీర కొంగు సర్దుకుంది, బ్యాగు సర్దుకుంది, గడియారం చూసుకుంది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులు అలా ఖాళీగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. పండగకొచ్చినా, పెళ్ళికొచ్చినా ఏదో ఒకటి ఒలుస్తూనో, మడత పెడుతూనో ఉండే చేతులవి.

బాబాయి లేచి మెల్లగా కర్నల్ ఆల్కాట్ గురించి చెప్పాడు. ఆయన 1880లో సిలోను, అంటే ఇప్పటి శ్రీలంక వెళ్ళి, గాల్ అనే ఊళ్ళో పంచశీలం (బౌద్ధుల ఐదు నియమాలు) తీసుకుని బహిరంగంగా బౌద్ధుడయ్యాడు. అక్కడ బౌద్ధుల కోసం బడులు పెట్టించాడు. ఇప్పుడు లోకమంతా ఎగరేసే బౌద్ధ జెండా 1885లో కొలంబోలో పుట్టింది, దాన్ని మామూలు జెండా కొలతకు తెమ్మని సలహా ఇచ్చింది ఈయనే. ఇక్కడికొచ్చి, 1894 నుంచి, మద్రాసులో దళితవాడల పిల్లల కోసం ఉచిత బడులు తెరిచాడు. "జెండా సంగతి అందరూ చెబుతారు. నాకు బడుల సంగతే గొప్పగా ఉంటుంది" అన్నాడు బాబాయి. మాస్టారు కదా. నాకూ అదే నిజమనిపిస్తుంది.

సమయమైందని తోటమాలి వచ్చి చెప్పేదాకా పిన్ని కదల్లేదు. లేచాక, దారిలో అంది: "మన గుళ్ళో అయితే ఏదో ఒకటి అడుగుతాం కదే. ఇక్కడ అడగాలని తోచలేదు." ఇంకొంచెం నడిచాక, "వాడికి దిగులేం లేదులే" అంది.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేసింది. రోజూ అడిగే తిండి సంగతి అడగలేదు. "ఒరే, నువ్వు వెళ్ళే తోటలో నీళ్ళుంటాయా, ఉత్త ఇసకేనా?" అని అడిగింది. అవతల వాడు ఎంత సంతోషించి ఉంటాడో, చాలాసేపు మాట్లాడాడు. క్యోటోలో ర్యోఆన్‌జీ అనే గుడిలో ఇసకలో 15 రాళ్ళుంటాయట. అరుగు మీద ఎక్కడ కూర్చున్నా ఒకేసారి అన్నీ కనపడవట, ఒకటైనా దాక్కుంటుందట. పిన్ని ఆ మాట మాకు చెబుతూ "రేపు మీ బాబాయి రాళ్ళు కూడా లెక్కపెడదాం" అంది.

శనివారం

అవి లెక్కకు అందేవి కావు.

పాంథియన్ రోడ్డులో ఎర్ర భవనాల మధ్య ఉన్న ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైంది. శిల్పాల హాల్లో ముందు చోళుల విగ్రహాలు, పల్లవుల విగ్రహాలు దాటుకుంటూ వెళ్ళాలి. బాబాయి వాటి వైపు చూడనైనా చూడలేదు. అమరావతి గదిలోకి అడుగుపెట్టి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. నాలుగు గోడలకూ పలకలు, స్తంభాలు, గుండ్రటి పతకాలు. పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. కిటికీ వెలుగు పడ్డ చోట దంతంలా మెరుస్తోంది.

ఈ రాళ్ళు ఇక్కడికెలా వచ్చాయో తెలుగువాళ్ళందరూ తెలుసుకోవాలి. అమరావతిలో ఇప్పుడు మనం చూసే మట్టి దిబ్బ ఒకప్పటి మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం. క్రీస్తుకు పూర్వమే మొదలై, శాతవాహనుల కాలంలో పెద్దదై, చుట్టూ చెక్కిన రాతి కంచెతో వెలిగింది. కాలం గడిచి మరుగునపడి, చుట్టుపక్కల వాళ్ళకు దీపాలదిన్నెగా మిగిలింది. 1790ల్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి అమరావతికి రాజధాని మార్చినప్పుడు, కట్టడాలకు ఇటుకలూ రాళ్ళూ కావాలని ఆ దిబ్బ తవ్వించాడు. చెక్కడాలు బయటపడ్డాయి. సర్వే పని మీద తిరుగుతున్న కాలిన్ మెకంజీకి కబురు తెలిసి వచ్చి చూశాడు, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఆ మెకంజీకి కుడిభుజంగా ఉన్నవాళ్ళు ఏలూరు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య. మెకంజీ పేరు తెలిసినంతగా వాళ్ళ పేర్లు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

1845లో వాల్టర్ ఇలియట్ మళ్ళీ తవ్వించి చాలా రాళ్ళు మద్రాసుకు చేర్చాడు. ఇక్కడ అవి ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ బయటే పడి ఉన్నాయి. 1859లో 121 రాళ్ళు ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. అవే ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. ఆ తర్వాత సూయెల్, బర్జెస్, అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు దొరికినవాటిలో చాలా భాగం ఎగ్మోరుకు వచ్చాయి. అంటే, ఒక స్తూపం ముఖ్యంగా మూడు ఊళ్ళలో ఉంది. కొంత కృష్ణ ఒడ్డున, కొంత ఇక్కడ, కొంత థేమ్స్ ఒడ్డున. "రాళ్ళు కూడా ఉద్యోగాలకు పోయినట్టు తలా ఒక దేశం పోయాయి" అంది పిన్ని. ఆమె ఎవర్ని తలుచుకుని అందో మాకు తెలుసు.

నలగిరి అనే ఏనుగు కథ చెక్కిన పతకం దగ్గర మేం ముగ్గురం ఎక్కువసేపు నిలబడ్డాం. దేవదత్తుడు బుద్ధుణ్ణి చంపించాలని ఏనుగుకు కల్లు తాగించి రాజగృహం వీధుల్లోకి వదిలిన కథ. గుండ్రటి రాతిలో ఒకే ఏనుగును శిల్పి రెండుసార్లు చెక్కాడు. ఎడమ పక్క అది మదమెక్కి వస్తోంది. ఒక మనిషిని కాలు పట్టి తొండంతో లేపేసింది. జనం ఒకరి మీద ఒకరు పడుతూ పరిగెడుతున్నారు. భయంతో ఒకామె పక్కవాణ్ణి పట్టుకుని ముఖం దాచుకుంది. కుడి పక్కకు వస్తే అదే ఏనుగు మోకాళ్ళ మీద వంగి, తల నేలకు ఆనించి ఉంది. ఎదురుగా బుద్ధుడు, వెనక భిక్షువులు. మధ్యలో గీత లేదు, గోడ లేదు. భయం ఎక్కడ ఆగిందో, శాంతి ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపలేం.

అన్నిటికన్నా పైన మేడ కిటికీల్లోంచి తొంగిచూస్తున్న జనం ఉన్నారు. బాబాయి వాళ్ళనే చూస్తున్నాడు. "ఈ ఆడవాళ్ళను చూడమ్మా. ఆ జడ, ఆ కమ్మలు, ఆ నిలబడ్డ తీరు. మన ఊళ్ళో ఊరేగింపొస్తే మేడల మీంచి చూసేవాళ్ళు అచ్చం ఇలాగే వంగుతారు. ఆ శిల్పి రాజగృహం చూసుండడు. ధాన్యకటకంలో, అంటే అప్పటి మన అమరావతిలో, తన వీధి చెక్కాడు." రెండో శతాబ్దం నాటి రాయి అది. బాబాయి చెప్పింది రుజువు చేయలేం. కానీ ఆ కిటికీ కింద నిలబడి చూస్తే నాకు అలాగే అనిపించింది.

పక్కన ఇంకో పతకంలో దేవతలు బుద్ధుడి భిక్షాపాత్రను ఆకాశానికి మోసుకుపోతున్నారు. చుట్టూ ఆటా పాటా, ఎగిరే చేతులు, వంగిన నడుములు. ఒక్కరి కాలు కూడా నేల మీద ఆనినట్టుండదు. రాతికి బరువు లేదనిపిస్తుంది దాన్ని చూస్తే.

ఒక స్కూలు పిల్లల గుంపు వచ్చింది. వాళ్ళలో ఇద్దరు తమలో తాము తెలుగులో మాట్లాడుకోవడం విని బాబాయి ఆగలేకపోయాడు. "బాబూ, ఇవి ఎవరివో తెలుసా?" అని మొదలుపెట్టి, ఏనుగు కథంతా చెప్పాడు. వాళ్ళ టీచరమ్మ తెలుగు రాకపోయినా వద్దనలేదు, పైగా మిగతా పిల్లల్ని కూడా దగ్గరికి పిలిచింది. ఆ పిల్లల్లో ఒకడు తమిళంలోకి చెబుతూ పోయాడు. చెప్పేవాడికీ వినేవాళ్ళకూ ఏనుగు బాగా నచ్చింది.

కంచు విగ్రహాల విభాగంలో నాగపట్నం బుద్ధులు ఉన్నారు. రాజరాజ చోళుడి కాలంలో, 1006 ప్రాంతంలో, సముద్రం అవతల సుమత్రా వైపు శ్రీవిజయ రాజ్యాన్ని ఏలే రాజు నాగపట్నంలో చూడామణి విహారం కట్టించాడు. శివభక్తుడైన రాజరాజు దానికి ఆనైమంగలం ఊరి ఆదాయం రాసిచ్చాడు. 1856 నుంచి ఆ చుట్టుపక్కల వందల కంచు బుద్ధులు దొరికాయి. అప్పటికి పిన్ని కాళ్ళు ఇక లేవనన్నాయి, అందుకని వాటిని తొందరగా చూసి వచ్చేశాం. వాటికోసం నేను విడిగా మళ్ళీ వెళ్ళాలి.

సాయంత్రం టీనగర్ వెళ్ళి చీర కొన్నాం. అదీ వద్దనుకుని వచ్చినవాళ్ళే, వచ్చాక ఊరుకోలేకపోయారు. లేతాకుపచ్చ చీర. "ఆ రాయి రంగు" అంది పిన్ని.

ఆదివారం

తోటకు ఆదివారం సెలవు. రైలు ఎగ్మోరు మీదుగా తెనాలి వెళ్ళే సర్కారు ఎక్స్‌ప్రెస్ కాబట్టి, సామాను తీసుకుని ముందుగానే బయల్దేరి, స్టేషన్ ఎదుటి కెన్నెట్ లేన్‌లో ఉన్న మహాబోధి సొసైటీకి వెళ్ళాం. అడయారు గుడికీ దీనికీ పోలికే లేదు. ఇరుకు సందు, లాడ్జీలు, ఆటోలు, మధ్యలో గుడి. లోపలేమో తెల్లబట్టల్లో శ్రీలంక యాత్రికులు, వాళ్ళ సంచులు, ఫ్లాస్కులు, సింహళంలో మాటలు. బోధ్‌గయకు పోయే వాళ్ళకూ, అక్కడి నుంచి తిరిగొచ్చే వాళ్ళకూ ఇది మజిలీ.

మహాబోధి సొసైటీని 1891లో అనగారిక ధర్మపాల కొలంబోలో స్థాపించాడు. ఈ ఊరికీ ఆ దీవికీ మధ్య రాకపోకలు అప్పటి నుంచీ గట్టివి. 1898లో ఆల్కాట్ తనవెంట పండిత అయోతీదాసును సిలోను తీసుకెళ్ళాడు. ఆయన అక్కడ పంచశీలం తీసుకుని, తిరిగొచ్చి రాయపేటలో శాక్య బౌద్ధ సంఘం పెట్టాడు. కులం పేరుతో తొక్కివేయబడిన జనానికి ఇది మీ పాత ఇల్లే అని చెప్పాడు. ఆయన తరం వాడే పోకల లక్ష్మీనరసు, మద్రాసు కాలేజీలో సైన్సు పాఠాలు చెబుతూ బౌద్ధం మీద రాసినవాడు. ఆయన పుస్తకానికి 1948లో కొత్త ముద్రణ వేసినప్పుడు ముందుమాట రాసింది అంబేడ్కర్. ఈ వరస అంతా మద్రాసులో జరిగింది. ఇక్కడ బతికే మనం దాన్ని మన పిల్లలకు చెప్పుకోవాలి.

భిక్షువు పాళీలో చదువుతుంటే శరణాలు దగ్గరికి వచ్చేసరికి బాబాయి గొంతు కలిపాడు. పక్కనున్న పెద్దావిడ తిరిగి చూసి నవ్వింది. ఆవిడది గాల్ అట. కొంచెం తమిళం వచ్చు. మధ్యలో నేను మాట కలిపాను. మీదే ఊరంటే బాబాయి అమరావతి అన్నాడు. ఆవిడకు అర్థం కాలేదు. ధాన్యకటకం అన్నాడు. వెంట ఉన్న కుర్రవాడు, బహుశా మనవడు, ఆ పేరు ఎక్కడో విన్నానన్నాడు. ఇక బాబాయిని ఆపగలమా! కాండీ దగ్గర గడలదెణియ గుడిలో 1344 నాటి శాసనం ఉందనీ, ధర్మకీర్తి అనే పెద్ద భిక్షువు ధాన్యకటకం వచ్చి అక్కడి రెండంతస్తుల బుద్ధాలయాన్ని బాగు చేయించాడని అందులో రాసి ఉందనీ చెప్పాడు. మన ఊళ్ళో బౌద్ధం దాదాపు మరిచిపోయిన కాలంలో, సముద్రం దాటి వచ్చి దాన్ని నిలబెట్టినవాళ్ళు మీరని, మా ఊరి తరఫున మీకు నమస్కారమని చేతులు జోడించాడు. నేను తమిళంలో చెప్పడం పూర్తికాకముందే ఆవిడ బాబాయి చేతులు రెండూ పట్టుకుంది.

పిన్ని బ్యాగులోంచి తెనాలిలో బంధువుల కోసం కొన్న మైసూరుపాకు డబ్బా తీసి ఆవిడ సంచిలో పెట్టేసింది. వద్దన్నా వినలేదు. ఆవిడ బదులుగా బోధ్‌గయ నుంచి తెచ్చుకున్న రావి ఆకుల్లో ఒకటి ఇచ్చింది. బాబాయి దాన్ని తన టికెట్టు మధ్య పెట్టుకున్నాడు, ఆ తర్వాత టీసీ అడిగినప్పుడు ఎంత జాగ్రత్తగా తీశాడో పిన్ని ఫోన్‌లో చెప్పింది.

వాళ్ళు ఊరు చేరిన మర్నాడే బాబాయి నుంచి మళ్ళీ ఫోన్. తనతో పనిచేసి రిటైరైన మాస్టార్లు కొందరు వస్తామంటున్నారట. ఏనుగు పతకం దగ్గర నిలబడి చెప్పుకోవాలట. డిసెంబరు చివర పెట్టుకుందామా అన్నాడు. అప్పుడు దివ్యజ్ఞాన సమాజం వార్షిక సమావేశాలు, తోటకు దేశదేశాల నుంచి ప్రతినిధులొస్తారు, మనకు తీరిగ్గా ఉండదు, సంక్రాంతి వెళ్ళాక రమ్మన్నాను. శుక్రవారం మ్యూజియం ఉండదు, ఆదివారం తోట ఉండదు, కాబట్టి సోమవారం దిగేలా టికెట్లు చేయించమన్నాను. తోట వేళలు బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోవాలి, మారుతుంటాయి.

"సరే, మీ పిన్ని ఏదో అంటోంది" అని ఫోన్ ఆమెకిచ్చాడు. తను మాత్రం మాస్టార్లతో మ్యూజియానికి రాదట. ఆ పూటంతా కొలను దగ్గరే ఉంటుందట.